పాసింగ్ ప్లేస్‌లో ఒక మధ్యాహ్నం

నేను ఒక సైకిల్‌ని. సైకిల్ కూడా వాహనమేనని, రోడ్డు మీద దానికి కారుతో సమానమైన హక్కూ సమానమైన బాధ్యతా ఉన్నాయని నగరపాలక కార్యాలయానికి పదకొండు ఉత్తరాలు రాసిన మనిషి నా యజమానురాలు. ఆ ఉత్తరాలను పోస్టుపెట్టె దాకా మోసింది నేనే. ప్రతి ఉత్తరాన్నీ ఆమె మెట్ల కింద నా పక్కన నిలబడి ఒకసారి పైకి చదువుకుని, కామాలు సరిచూసుకుని, ఆ తరువాతే కవరు అతికించేది. అందువల్ల అవి నాకు కంఠతా వచ్చు. అందువల్లనే, జరిగినదానికి 'తెలియక' అన్న మాటను వాడుకునే హక్కు మా ఇద్దరిలో ఎవరికీ లేదు.

నేను ఇంగ్లండు నడిమి ప్రాంతంలో, పదిమంది పనిచేసే ఒక కార్ఖానాలో పుట్టాను. ఉక్కు గొట్టాలను కొలిచి కోసి, కీళ్ళ దగ్గర ఇత్తడి కరిగించి పోసి అతికారు. ముదురాకుపచ్చ రంగు వేశారు. వేగంగా పోవడానికి కాదు, బరువు మోస్తూ దూరం పోవడానికి చేసిన ఒళ్ళు నాది. నన్ను మొదట కొన్నవాడు ప్రింగిల్ అనే స్కాట్లండు మనిషి. భూములు కొలిచే ఉద్యోగం చేసి విరమించాడు. మనుషులతో మాట్లాడవలసిన మాటలన్నీ ఉద్యోగంలోనే అయిపోయినట్టు, ఇరవై రెండేళ్ళలో ఆయన నా ఎదుట పలికినవి నాలుగైదు వాక్యాలకు మించవు. కానీ ఆయనకొక అలవాటు ఉండేది. రోడ్డు మీద ఎక్కడ ఆగినా ముందు నన్ను ఎత్తి, తారు అంచు దాటించి, గడ్డిలో పడుకోబెట్టేవాడు. ఆ తరువాతే నీళ్ళు తాగేవాడు. నాకు స్టాండు ఉండేది కాదు. అవసరమూ రాలేదు.

ప్రింగిల్ పోయాక ఆయన చెల్లెలి దగ్గర నన్ను కొనుక్కున్న ఆమె పేరు హేమనళిని. బందరులో పుట్టి, గ్లాస్గోలో ఒక గ్రంథాలయంలో ముప్పై ఏళ్ళు పుస్తకాల పట్టికలు తయారుచేసి విరమించింది. ఒక పుస్తకం దాని అరలో కాక పక్క అరలో కనిపిస్తే ఆ రోజంతా ఆమెకు అన్నం సహించేది కాదట. అటువంటి మనిషి చేతిలో పడడం నా అదృష్టమనుకున్నాను. చైను శుభ్రంగా ఉంచింది, బ్రేకులు మార్పించింది. అన్నిటికంటే ముందు నాకు రెండు కాళ్ళ స్టాండు ఒకటి బిగింపించింది. మనుషులకు ఇష్టమైన వస్తువు నిలబడి కనిపించాలి, అది పడుకోవలసిన చోట కూడా.

ఆ ఏడాది జూన్‌లో ఒకనాడు ఆమె ఒక్కతే నాతో బయలుదేరింది. అక్కడి తెలుగు సంఘం ఏటా దసరాకు ఒక సంచిక వేస్తుంది. దానికి ఒక యాత్రావ్యాసం రాస్తానని మాట ఇచ్చింది. రైలు దిగిన చిన్న ఊరి నుంచి ఒక లాఖ్ ఒడ్డు వెంబడి దాని కొస దాకా పోయి తిరిగి రావడం, మొత్తం ముప్పై నాలుగు మైళ్ళు. లాఖ్ అంటే సరస్సని నిఘంటువు చెబుతుంది. ఇది సరస్సు కాదు. కొండల సందులోకి సముద్రం పదిహేడు మైళ్ళు చొచ్చుకువచ్చి, వెనక్కి పోవడం మరిచిపోయినట్టు నిలిచిన ఉప్పునీటి పాయ. ఆటుకు తగ్గుతుంది, పోటుకు పెరుగుతుంది. తగ్గినప్పుడు రాళ్ళ మీద గోధుమరంగు నాచు తడిజుట్టులా పరుచుకుని, దాని వాసన రోడ్డు దాకా వస్తుంది.

ఆ ఉదయం సంతోషంగా గడిచిందని చెప్పక తప్పదు. గాలి వెనక నుంచి తోస్తోంది. కుడివైపు కొండ మీద ముళ్ళపొదలు పచ్చగా పూశాయి, ఎడమవైపు నీళ్ళు. ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి మమ్మల్ని పట్టించుకోలేదు. రోడ్డు ఒక్క వాహనం పట్టేటంత వెడల్పే. అందుకని ప్రతి రెండువందల గజాలకూ ఒకచోట తారును ఒక పక్కకు ఉబ్బించినట్టు వెడల్పు చేసి, తెల్లబోర్డు పాతి ఉంచారు. వాటిని పాసింగ్ ప్లేస్ అంటారు. ఎదురుగా బండి వస్తే ఎవరికి దగ్గరగా ఉంటే వారు అందులోకి ఒదిగి దారి ఇవ్వాలి. దారి పొందినవాడు స్టీరింగు మీది చెయ్యి తీయకుండా ఒక్క వేలు పైకెత్తుతాడు. అక్కడి మర్యాద మొత్తం ఆ ఒక్క వేలులో ఉంటుంది. హేమనళిని ఆ ఉదయం ఆరుసార్లు దారి ఇచ్చింది, ఆరు వేళ్ళు పొందింది, ప్రతిదానికీ చెయ్యి మొత్తం ఎత్తి ఊపింది. "చూశావా, దీన్ని నాగరికత అంటారు," అని నాతోనే అంది.

రోడ్డు మొదట్లో ఒక పెద్ద బోర్డు ఉంది. పాసింగ్ ప్లేస్‌లో వాహనాలు నిలపరాదని దాని మీద రాసి ఉంది. ఆమె అక్కడ ఆగి, దాన్ని పూర్తిగా చదివి, మెచ్చుకోలుగా తల ఊపింది కూడా.

ఒంటిగంట అవుతుండగా పన్నెండో మైలు దగ్గర ఒక మలుపు తిరిగాం. ఎదుట లాఖ్ మొత్తం పరుచుకుని ఉంది. నీళ్ళలోని బండ మీద ఐదు సీల్ జంతువులు ఎండ కాచుకుంటున్నాయి. సరిగ్గా అక్కడే పాసింగ్ ప్లేస్. దాని అవతల అంచు మెత్తటి నల్లమట్టి, నా స్టాండు దిగబడుతుంది. తారు మీద మాత్రం చదును. సముద్రం నేపథ్యంగా నా ఫొటో ఒకటి సంచికకు కావాలి. ఆమె అటూ ఇటూ చూసింది. రోడ్డు ఖాళీ. "ఐదు నిమిషాలు. సైకిలే కదా," అంది.

పదకొండు ఉత్తరాలు రాసిన మనిషి నోటి నుంచి 'సైకిలే కదా' అన్న మాట నేను విన్నాను.

నన్ను ఆ చదునైన తారు మధ్య నిలబెట్టింది. సంచులు విప్పి పక్కన పేర్చింది. పువ్వుల దుప్పటి పరిచి, దాని మీద పులిహోర డబ్బా పెట్టింది. మూత మీద 'కొ. హేమనళిని, బందరు' అని చుక్కలతో చెక్కిన స్టీలు డబ్బా అది. ఒంటిగంటా ఎనిమిది నిమిషాలకు నా ఫొటో తీసింది. తరువాత సీల్ జంతువులను దగ్గర నుంచి తీయాలని కెమెరాతో నాచు మీదుగా నీళ్ళ వైపు దిగిపోయింది.

ఇక్కడ నా వంతు చెప్పుకోవాలి. ఆ స్టాండు అంతకుముందు ఎన్నోసార్లు జారింది. చిన్న గాలికే నేను పక్కకు ఒరిగిపోయిన సందర్భాలున్నాయి. ఆ రోజు ఒరగలేదు. ఎండలో నా ఆకుపచ్చ మెరుస్తోంది, ఫొటో తీయించుకుని ఉన్నాను, నిటారుగా నిలబడ్డాను. ఒరిగి మట్టి వైపు పడిపోయి ఉంటే సగం చోటైనా మిగిలేది.

లాఖ్ కొస వైపు నుంచి దుంగల లారీ వచ్చింది. మా వెనక నుంచి మలుపు తిరిగి ఒక చిన్న నీలం కారు వచ్చింది. ఆ కారు నడుపుతున్నది ఐలీ అనే నర్సు. ఆ తీరమంతా ఇళ్ళకు వెళ్ళి రోగులను చూసేది ఆమె ఒక్కతే. లారీని చూడగానే, వెయ్యిసార్లు చేసినట్టే, ఎడమకు పాసింగ్ ప్లేస్‌లోకి తిప్పింది. అక్కడ నేనున్నాను. నన్ను గుద్దకుండా మళ్ళీ ఒక్కసారిగా తిప్పింది. నా హ్యాండిల్‌కు జానెడు దూరంలో అద్దం దూసుకుపోయింది. కారు ఎడమ చక్రాలు రెండూ తారు అంచు దాటి నల్లమట్టిలో దిగబడ్డాయి. లారీ కీచుమంటూ దుప్పటి అంచు మీదికి వచ్చి ఆగింది.

హారన్ విని హేమనళిని నాచు మీద జారుతూ పైకి వచ్చేసరికి, లారీ నడిపే ఎర్రగడ్డం మనిషి కారును తోస్తున్నాడు. చక్రం తిరిగేకొద్దీ లోతుకు పోతోంది. అతని దగ్గర తాడు లేదు. పొలం నుంచి ట్రాక్టరు రావాలి.

"వదిలెయ్ డూగల్," అంది ఐలీ, మోకాళ్ళ దాకా బురదతో. "ఇప్పుడెంతైంది?"

"ఒకటీ ముప్పై. మురియల్ అత్తకేనా?"

"ఆమెకే. రాత్రి నుంచీ నొప్పి ఆగడం లేదని లాక్లన్ ఫోను చేశాడు. సూది మందు నా దగ్గరే ఉంది."

అప్పుడు ఆమె నా వైపు చూసింది, తరువాత హేమనళిని వైపు. "ఇది మీదేనా?"

"నాదే. క్షమించండి, నేను ఊరికే ఐదు నిమిషాలు..."

"బ్రేకులు పట్టుకుంటాయా?"

"పట్టుకుంటాయి."

"సరే. మిగతావి తరువాత."

నన్ను అడగలేదు, ఆమెనూ అడగలేదు. హ్యాండిల్ సంచిలోని మ్యాపును, కళ్ళజోడును రోడ్డు మీద పెట్టి, తన మందులపెట్టె అందులో దించింది. సీటు ఎత్తు సరిపోకపోయినా నిలబడే తొక్కింది. రెండున్నర మైళ్ళు. గాలి పక్కకు తిరిగింది. ఆమె ఊపిరి నా మీద పడుతూనే ఉంది. నా జీవితంలో అంత వేగంగా నేనెప్పుడూ పోలేదు. దానికి గర్వపడలేను. నేను పోవలసిన అవసరాన్ని సృష్టించింది నేనే.

తెల్లగోడల చిన్న ఇల్లు. నన్ను కిటికీ కింద గోడకు ఆనించి ఐలీ లోపలికి పరుగెత్తింది. కిటికీ తెరిచి ఉంది. లోపలి నుంచి వచ్చిన శబ్దాన్ని నేను వర్ణించను. అది ఒక ముసలామెది. అరవడానికి కూడా శక్తి లేనివాళ్ళు చేసే శబ్దం. ఒకటీ ముప్పై ఎనిమిదికే ఆగిపోవలసింది, ఒకటీ యాభై ఎనిమిదికి ఆగింది. ఇరవై నిమిషాలు. ఈ లెక్క నేను ఎవరూ అడగకుండానే వేసుకున్నాను. చాలాసార్లు వేసుకున్నాను.

కాసేపటికి ఆమె భర్త బయటికి వచ్చాడు. లాక్లన్, ఎనభై దాటిన పొడుగాటి మనిషి. నా సీటు మీద అరచెయ్యి వేసి, "దేవుడు నిన్ను చల్లగా చూడాలి," అన్నాడు. సైకిల్‌ను దీవించే మనిషిని అంతకుముందు నేను చూడలేదు. కింద పడిపోవాలనిపించింది. గోడ ఉంది, పడనివ్వలేదు.

సాయంత్రం బురద కారులోనే ఐలీ నన్ను తెచ్చి, రైలు స్టేషను దాకా నడిచి వచ్చి కాచుకుని ఉన్న హేమనళినికి అప్పగించింది. ఇంకా ముగ్గురు రోగులను చూడాలి, తొందరలో ఉంది. "సైకిల్ బాగా నడిచింది. థాంక్యూ," అంది. అది అక్కడివాళ్ళు గాలి పీల్చినంత మామూలుగా అనే మాట. 'మిగతావి తరువాత' అన్న ఆ తరువాత ఇదే. హేమనళిని నన్ను అందుకుంది. "ఫరవాలేదు," అంది.

అంతే. నేరం అంటే మధ్యాహ్నం జరిగింది కాదు, నన్నడిగితే. అది మతిమరుపు, అహంకారం. ఆ థాంక్యూను తీసుకుని జేబులో వేసుకోవడం ఉందే, అది నేరం.

రైలులో ఆమె సంచులన్నీ వెతికింది. "డబ్బా ఏదీ?" అనుకుంది. అమ్మ ఇచ్చిన డబ్బా అది. దొరకలేదు.

వ్యాసం అచ్చయింది. 'దారిలో ఆపదలో చిక్కిన ఒక నర్సుకు నా వాహనాన్ని అర్పించి, ఆ లాఖ్ ఒడ్డున ఒంటరిగా నడిచాను' అని అందులో ఒక వాక్యం ఉంది. ప్రతి పదానికీ సాక్ష్యం చూపవచ్చు. వాక్యం మొత్తం అబద్ధం. ముప్పై ఏళ్ళు ప్రతి పుస్తకాన్నీ దాని అరలోనే పెట్టిన చెయ్యి ఆ వాక్యాన్ని రాసింది. ఆ వ్యాసంలో నేను 'వాహనాన్ని' అయ్యాను, అడ్డంగా నిలబడ్డప్పుడు మాత్రం 'సైకిలే కదా'.

ఆ వ్యాసం పుణ్యమా అని, దసరాకు సంఘం వాళ్ళు అద్దెకు తీసుకున్న చర్చి హాల్లో వాహనపూజకు నన్ను కూడా రమ్మన్నారు. కార్లన్నీ బయట ఉంటే నన్ను లోపల, వేదిక పక్కన నిలబెట్టారు. బంతిపూల దండ వేశారు, హ్యాండిల్‌కు పసుపు రాశారు.

"నిమ్మకాయలు ఎన్ని పెట్టమంటారండీ దీనికి?" అని ఎవరో అడిగారు.

"రెండు చక్రాలకి రెండు చాలవూ?"

"కార్లకి నాలుగేసి పెట్టి దీనికి రెండా? హేమక్క వింటే పన్నెండో ఉత్తరం రాస్తుంది!"

హాలంతా నవ్వింది. నాకూ నాలుగు పెట్టి ముందుకు దొర్లించారు. నా చక్రం కింద నిమ్మకాయ చిట్లిన చప్పుడు హేమనళిని విని మొహం పక్కకు తిప్పుకుంది.

సంచిక సంపాదకుడు తారకేశ్వర్ మంచివాడు, ఎవరినీ నొప్పించడు, ఏదీ సరిచూడడు. అచ్చయిన ఫొటోను గోడ మీద పెద్దది చేసి అంటించాడు. అందులో నేను, వెనక సముద్రం, ఒక మూల తెల్లగా ఏదో. "అక్కా, ఇందాకట్నించి చూస్తున్నా. ఈ తెల్లబోర్డు ఏంటి?" అన్నాడు.

ఆమె ఫొటో వైపు చూడలేదు. "అదా? ఏదో ఊరి పేరు," అంది.

మొదటిది దాచడం. ఇది కల్పించడం. ఆ తేడా గ్రంథాలయంలో బతికిన మనిషికి ఒకరు చెప్పనక్కరలేదు. దండ వాడకముందే నన్ను నడిపించుకుంటూ ఇంటికి వచ్చింది, ఎక్కలేదు. మర్నాడు పొద్దున్నే మెట్ల కింద నా పక్కన నిలబడి ఒక సవరణ పైకి చదివింది. నాలుగు వాక్యాలు. కామాలు సరిచూసుకోలేదు. తారకేశ్వర్‌కు ఫోను చేసింది. స్పీకరులో అతని గొంతు నాకు వినిపించింది.

"ఇప్పుడీ సవరణ ఎందుకక్కా? అందరూ మెచ్చుకున్నారు. అయినా నర్సుకి సైకిల్ ఇచ్చిన మాట నిజమే కదా?"

"ఇవ్వలేదు. ఆమె తీసుకుంది."

"ఆ... అదేగా!"

"అది కాదు, తారకేశ్వర్."

"మీకు చాదస్తం ఎక్కువైపోతోందక్కా. టీ తాగి పడుకోండి. వచ్చే ఏడాది చూద్దాం."

మంచివాళ్ళు ఎంత సులువుగా క్షమిస్తారో! క్షమించవలసినవాళ్ళు తాము కాకపోతే ఇంకా సులువు.

ఫిబ్రవరిలో ఒక ఉత్తరం వచ్చింది. నా క్యారియర్‌కు కట్టి ఉండే చీటీలోని చిరునామాకు లాక్లన్ రాశాడు. ఆమె దాన్ని కూడా మెట్ల కింద పైకే చదివింది. మురియల్ జనవరిలో పోయింది. ఆ జూన్ రోజున సైకిల్ వచ్చాక ఆమె నిద్రపోయింది. మీరు ఎప్పుడైనా ఇటు వస్తే టీకి రండి. ఇంతే ఉంది. అందులో ఒక్క నింద లేదు. అందుకే ఆమె మెట్టు మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. నిందిస్తే జవాబు రాయడం ఆమెకు బాగా వచ్చు.

మే నెలలో వెళ్ళాం. అదే రైలు, అదే రోడ్డు. ఈసారి దారి ఇచ్చినప్పుడు ఎవరు వేలెత్తినా ఆమె చెయ్యి ఊపలేదు. పన్నెండో మైలు దగ్గర మలుపుకు ముందే దిగి, ఆ పాసింగ్ ప్లేస్ పక్క నుంచి నన్ను నడిపించుకుంటూ పోయింది. సీల్ జంతువులు ఉన్నాయేమో, నేనూ చూడలేదు, ఆమె కూడా చూడలేదు. తెల్లగోడల ఇంటి ముందు నన్ను గడ్డిలో పడుకోబెట్టింది. ప్రింగిల్ తరువాత నన్ను అలా పడుకోబెట్టడం అదే మొదటిసారి.

లాక్లన్ గుమ్మంలోకి వచ్చాడు. మనిషి వంగిపోయాడు. "లోపలికి రండి, నీళ్ళు మరుగుతున్నాయి," అన్నాడు.

"లోపలికి రాకముందు ఒకటి చెప్పాలి," అంది హేమనళిని. వాక్యాలు రైలులో సిద్ధం చేసుకుందని నాకు తెలుసు. ఒక్కటీ రాలేదు. "ఆ రోజు నర్సు కారు మట్టిలో దిగబడింది నా సైకిల్ వల్ల. పాసింగ్ ప్లేస్‌లో నిలబెట్టాను. ఫొటో కోసం. బోర్డు చదివి కూడా నిలబెట్టాను. మీ భార్య అంతసేపు బాధపడింది నా వల్ల. తరువాత నేను దాని గురించి రాశాను, నేనేదో సాయం చేసినట్టు. సాయం చేయలేదు."

ఆటుపోట్ల మధ్య నీళ్ళు నిలకడగా ఉన్న వేళ అది. రాళ్ళ దగ్గర కూడా చప్పుడు లేదు.

"ఈ సైకిల్‌ను ఇక్కడే వదిలి వెళతాను," అంది ఆమె. "ఐలీకి గాని, ఎవరికి గాని పనికొస్తుంది. నేను మళ్ళీ దీన్ని ఎక్కలేను."

"వద్దు," అన్నాడాయన. "దాని నెత్తిన పెట్టి మీరు వెళ్ళిపోతారా? అది మిమ్మల్ని మోయడానికి చేసిన వస్తువు. మీరు చేసినదాన్ని మోయడానికి కాదు."

నా ప్రాణం కుదుటపడింది. కుదుటపడినందుకు సిగ్గుపడ్డాను.

ఆయన లోపలికి వెళ్ళి ఏదో పట్టుకుని వచ్చాడు. స్టీలు డబ్బా. ఒకవైపు లారీ చక్రం కింద అణిగిపోతే, ఎవరో దిమ్మ మీద పెట్టి సుత్తితో ఓపికగా లోపలి నుంచి కొట్టి గుండ్రం చేశారు. గుండ్రం పూర్తిగా రాలేదు. మూత మీద చుక్కల అక్షరాలలో 'బందరు' ఒక్కటే చదవగలిగేలా మిగిలింది.

"డూగల్ నా మేనల్లుడు," అన్నాడు లాక్లన్. "ఆ సాయంత్రమే ఇది తెచ్చి ఇచ్చాడు. ఎక్కడ దొరికిందో చెప్పాడు."

హేమనళిని 'బందరు' అన్న అక్షరాలను వేలితో తడిమింది. "అంటే మీకు అప్పటినుంచీ తెలుసు. తెలిసీ నన్ను టీకి రమ్మని రాశారు. ఎందుకు?"

ఆయనకు ఆ ప్రశ్న నిజంగా అర్థం కాలేదు.

"డబ్బా మీది కదా," అన్నాడు.

ఆమె టీ తాగింది. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. కిటికీ మూసి ఉంది.

తిరుగుదారిలో ఎదురుగాలి. డబ్బా నా హ్యాండిల్‌కు వేలాడుతూ, రోడ్డు గతుకులకు ఫ్రేముకు తగులుతూ వచ్చింది. ఒకచోట ఎదురుగా దుంగల లారీ కనిపించింది. పాసింగ్ ప్లేస్ ఇంకా వంద గజాల దూరంలో ఉంది. హేమనళిని దిగి, అరవై నాలుగేళ్ళ చేతులతో నన్ను సంచులతో సహా ఎత్తి, తారు అంచు దాటించి, తాను చీలమండల లోతు నీటిగుంటలో నిలబడింది. లారీ నెమ్మదిగా దాటింది. నడిపేవాడి మొహం అద్దం వెనక కనిపించలేదు. అతను డూగలో, మరొకడో. స్టీరింగు మీది నుంచి ఒక్క వేలు లేచింది.

ఆమె చెయ్యి ఎత్తలేదు. తల వంచింది. లారీ మలుపు తిరిగిపోయిన తరువాత కూడా ఆ నీళ్ళలోనే కొంతసేపు ఉండిపోయింది.

ఇప్పుడు నేను మెట్ల కిందే ఉన్నాను. ఆమె మోకాళ్ళు పెద్ద యాత్రలకు ఒప్పుకోవడం లేదు. కూరగాయలకు, గ్రంథాలయానికి తీసుకువెళుతుంది. పన్నెండో ఉత్తరం రాయలేదు. సవరణ మాత్రం ప్రతి ఏటా దసరా ముందు తారకేశ్వర్‌కు పంపుతుంది. అతను ప్రతి ఏటా చూద్దామంటాడు. నా స్టాండును ఆమె తనే విప్పి తీసేసింది. బిగించిన చోట రంగు పోయి రెండు మచ్చలు మిగిలాయి. వాటి మీద రంగు వేయించమని షాపువాడు అన్నాడు. ఆమె వద్దంది. నేనైనా అదే అనేదాన్ని.